మాస్టరమ్మ కుడి బొటనవేలు

మాస్టరమ్మ తన జీవితంలో చెప్పిన రోజుకు అందించిన బట్ట ఒక్కటే. అదొక నల్లకోటు. చివరికి కోర్టులో అదే ఆమె మెడకు చుట్టుకుంది.

మిగతా ఎవరికైనా ఆమె దగ్గర ఒకటే మాట. "రేపు రండి." బడి తెరిచేనాటికి అడిగిన యూనిఫాం పరీక్షలనాటికి చేతికొచ్చిన పిల్లలు ఆ వీధిలో చాలామందే ఉన్నారు. తిట్టుకుంటూనే జనం మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవారు. కారణం ఆమె కత్తెర. గుడ్డను బల్లమీద పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర ఒకసారి లోపలికి పెట్టిందంటే మళ్లీ బయటికి తీసేది అవతలి అంచు దగ్గరే. కుట్టేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. కత్తిరించేవాళ్లు ఊరికి ఒకరిద్దరే. అందుకే ఆ ఆడమనిషిని అందరూ మాస్టరమ్మ అన్నారు. అసలు పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

ఆమెకు మనుషుల పేర్లు గుర్తుండవు. ఒళ్లు గుర్తుంటుంది. "ఆ కుడిచెయ్యి పొడుగాయన వచ్చి వెళ్లాడా?" అని అడిగేది అత్తని. గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని కాజాలు కుట్టే ఆ ముసలావిడకు కోడలి లెక్క బాగా తెలుసు. "వచ్చాడు, నిన్ను రెండు మాటలని వెళ్లాడు" అనేది. కొడుకు పోయినప్పుడు ఆవిడను తీసుకుపోతామని బంధువులు వచ్చారు. "నేనొస్తే కాజాలు మీరు కుడతారా?" అని వాళ్లను అటునుంచి అటే పంపించేసింది. అప్పటినుంచీ అత్తాకోడళ్లిద్దరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిట్టుకుంటూ పనిచేసుకునేవారు.

దుకాణం చెప్పుల షాపు పక్కనే ఉండే ఒక సన్నపాటి గది. చెప్పుల షాపాయనే ఓనరు. గోడ కొట్టేసి తన షాపు పెంచుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు, మాస్టరమ్మ సరేనంది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఓనరుకో బావమరిది ఉన్నాడు. బావ చెప్పిన పని బావ చెప్పినదానికంటే ముందే చేసి మెప్పు పొందాలనే రకం. నెల సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం తాళం కప్ప పట్టుకుని వచ్చి, మాటా పలుకూ లేకుండా షట్టరు దించడం మొదలుపెట్టాడు.

లోపల బల్లమీద ఒక పెళ్లికొడుకు సూటు గుడ్డ పరిచి ఉంది. సుద్ద గీతలు పూర్తయ్యాయి. అప్పటికే రెండుసార్లు "రేపు రండి" అయిపోయింది కాబట్టి ఆ రోజు కత్తిరించి తీరాలని మాస్టరమ్మ అనుకుంది. ఆమె పరుగున వచ్చి సగం దిగిన షట్టరు అడుగు పట్టీని కుడిచేత్తో పట్టుకుంది.

"నెలాఖరు దాకా గడువుంది. కావాలంటే మీ బావని పిలువు, మాట్లాడతా."

"ముందు చెయ్యి తియ్యి" అన్నాడు బావమరిది.

"తియ్యను."

"తియ్యకపోతే పోతుంది. తర్వాత నన్ననకు."

ఆమె తీయలేదు. అతను పట్టీ మీద కాలుపెట్టి బలమంతా ఉపయోగించి తొక్కాడు. షట్టరు గడప ఇనుముకు తాకిన చప్పుడు కన్నా ముందు అత్త కేక వినిపించిందని చెప్పుల షాపులో బేరమాడుతున్నవాళ్లు తర్వాత చెప్పారు. మాస్టరమ్మ కుడి బొటనవేలు పట్టీ కింద ఉండిపోయింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డ్యూటీ డాక్టరు ఫిల్మును ట్యూబులైటు కేసి పట్టి చూసి, "ఎముక విరగలేదమ్మా, అదృష్టవంతురాలివి" అన్నాడు. కుట్లు వేసి, కట్టుకట్టి, కాగితం మీద సాధారణ గాయం అని రాశాడు. ఆ కాగితం పట్టుకుని స్టేషనుకు వెళ్తే రైటరు దాన్ని చదివి పక్కన పెట్టాడు.

"చిన్న దెబ్బే కదమ్మా. జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికెళ్లిపోతాడు. అదే ఎముక విరిగుంటే కథ వేరుండేది."

"అయితే విరగ్గొట్టుకుని రమ్మంటావా నాయనా?" అంది అత్త. "గుమ్మం ఇక్కడే ఉంది, తలుపు నువ్వు వేస్తావా, నన్ను వెయ్యమంటావా?"

రైటరు కాగితం ముందుకు లాక్కున్నాడు. కేసయితే రాసుకున్నాడు, చిన్న దెబ్బ కిందే రాసుకున్నాడు.

కట్టు విప్పాక బొటనవేలు వంగలేదు. వాపు తగ్గితే వంగుతుందన్నారు. వాపు తగ్గింది, వేలు కర్రలా అలాగే నిలబడింది. పెద్దాసుపత్రిలో చేతుల డాక్టరు ఒకాయన చూసి, వేలిని లోపలినుంచి లాగే తాడులాంటిది నలిగి తెగిందని, కీలు కూడా దెబ్బతిందని చెప్పాడు. ఆపరేషన్ చేశాడు. కొన్ని నెలలు చూసి, దాపరికం లేకుండా చెప్పేశాడు. "వేలుంది, రంగు బాగుంది, గోరు పెరుగుతుంది. వంగడం మాత్రం ఇక లేదమ్మా."

ఆ మాట మీద కేసు మళ్లీ కదిలింది. ప్రభుత్వం తరఫున వాదించడానికి ఒక లాయరమ్మ వచ్చింది. ఏడాది పొడుగునా జలుబుతో బాధపడే మనిషి, సంచిలో కేసు కట్టలకన్నా చేతిరుమాళ్లు ఎక్కువ. అత్తాకోడళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని విషయం విడమరిచి చెప్పింది.

"ఎంత రక్తం పోయింది, ఎంత ఏడ్చారు అని చట్టం అడగదమ్మా. ఒళ్లంతా వాతలు తేలినా అది మామూలు గాయమే అవ్వొచ్చు. కొట్టిన దెబ్బకి ఒక పన్ను ఊడిందనుకో, అది తీవ్ర గాయం."

"పన్నుకా?" అంది అత్త. "నావి సగం పోయాయి. ఎవరి మీద పెట్టమంటావ్ కేసు?"

"వాటంతటవే ఊడితే ఎవరిమీదా పెట్టలేం పెద్దమ్మా." లాయరమ్మ ముక్కు తుడుచుకుంది. "తిరిగి రానిది ఏం పోయిందని చూస్తుంది చట్టం. కన్ను, చెవి, ముఖం మీద చెరగని మచ్చ, ఇలా కొన్ని రాసిపెట్టారు. ఎముక విరగడం అందులో ఒకటి. అందరూ దాన్నే పట్టుకుని మిగతావి మర్చిపోతారు. కీలు శాశ్వతంగా పనికిరాకుండా పోవడం కూడా అందులోనే ఉంది. మనం ఆ దారిన వెళ్తాం. అయితే ఒక మెలిక. పెద్ద గాయం అయితేనే చాలదు, పెద్ద గాయం అవుతుందని తెలిసే చేశాడని కూడా చూపించాలి."

"తెలియకేం? చెయ్యి పోతుందని చెప్పి మరీ తొక్కాడు గదా" అంది అత్త.

లాయరమ్మ రుమాలు పక్కన పెట్టింది. "ఆ మాట మీరు విన్నారా?"

"నేను ముసల్దాన్నే గాని చెవిటిదాన్ని కాదు."

చిన్న గాయమయితే జరిమానాతోనో, మహా అయితే కొన్ని నెలలతోనో పోతుందని, తీవ్ర గాయమని తేలితే ఏళ్ల మాట అని లాయరమ్మ చెప్పింది. మాస్టరమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"వాడు ఎన్నాళ్లు లోపలుంటాడన్నది నాకు పట్టదమ్మా. చిన్న దెబ్బ అని రాశారు చూడండి, ఆ మాట కొట్టేయించగలరా?"

"ప్రయత్నిస్తా" అంది లాయరమ్మ. చేయగలిగిన దానికన్నా ఎక్కువ మాటివ్వని మనిషి అని మాస్టరమ్మకు నచ్చింది.

కేసు దారిన కేసు నడుస్తుంటే కడుపు ఊరుకోదు. ఫోటో స్టూడియో మెట్ల కింద ఒక గది దొరికితే అక్కడికి మారారు. మాస్టరమ్మ ముందు పాత కత్తెరనే ఎడమచేత్తో పట్టి చూసింది. గుడ్డ తెగలేదు. రెండు పలకల మధ్యా మడతపడి నలిగింది. తెగినచోట ఎలుక కొరికినట్టుంది. కత్తెరలకు సాన పట్టే ఆయన సైకిలు మీద అటుగా వస్తే ఆపి చూపించింది.

"ఇది కుడిచేతి కత్తెర గదమ్మా" అన్నాడాయన. "ఎడమచేత్తో నొక్కితే పలకలు దగ్గరికి రావు, విడిపోతాయి. నీ గీత కూడా పై పలక చాటుకి పోయుండాలే?"

"పోయింది మావా. కళ్లకి గంతలు కట్టి కత్తిరించమన్నట్టుంది."

"అద్దంలో బొమ్మలాగా తిరగేసి చేయించాలి. కొలిమి వాడొకడున్నాడు నా ఎరికలో. తిట్టుకుంటాడు గాని చేస్తాడు."

ఆ కత్తెర వచ్చాక ఆమె బల్లను ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చింది, వెలుగు రెండోవైపు నుంచి పడాలని. ముందు పాత వార్తాపత్రికల మీద సాధన. తర్వాత అత్త దుప్పట్లు. "ఇంట్లో కప్పుకోడానికి దుప్పటి లేదు, తుడుచుకోడానికి రుమాళ్లు మాత్రం బోలెడున్నాయి" అని అత్త వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకుంది. మాస్టరమ్మ వినిపించుకోలేదు. ఒళ్లు మండినప్పుడు కత్తెర గోడకేసి కొట్టిన రోజులూ ఉన్నాయి. గోడ మీద ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని ఆమె దాచుకోదు. వంగని బొటనవేలికి కూడా ఒక పని కనిపెట్టింది. గుడ్డ జరగకుండా నొక్కిపట్టడానికి ఇనుప పట్టీలా పనికొచ్చేది.

కుడిచేయి వదిలేసిన పనిని ఎడమచేయి పూర్తిగా అందుకున్న సమయానికి ఒక గుమాస్తా పాత నల్లకోటు పట్టుకుని వచ్చాడు. "మా సారుకి అచ్చం ఇలాంటిదే కావాలి. వచ్చే సోమవారానికి." ఏ సారు అని ఆమె అడగలేదు. ఎప్పుడూ అడగదు. కోటును బల్లమీద పరిచి చూసింది. ఎడమ భుజం దగ్గర గుడ్డ ఎక్కువ అరిగింది, జేబు కాస్త కిందికి లాగింది. మనిషి ఎడమవైపుకు ఒరుగుతాడు. దెబ్బ తగిలాక ఆమె చేతికి వచ్చిన మొదటి కోటు అది. చొక్కాలు, ఫ్రాకులు ఎవరైనా కత్తిరిస్తారు. కోటు కత్తిరించగలిగితే మాస్టరమ్మ ఇంకా మాస్టరమ్మే.

సోమవారం పొద్దున్నే కోటు ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంటే అత్త ఆమె నుదురు మీద చెయ్యివేసి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా?"

కోర్టు రోజున ఇద్దరూ సంచితో వెళ్లారు. సంచిలో రెండు కత్తెరలూ ఉన్నాయి. ఏ పనికి వెళ్లినా అవి వెంట ఉండాల్సిందే. గేటు దగ్గర పోలీసు వాటిని తీసి పక్కన పెట్టుకున్నాడు. "లోపల ఎవరి గొంతు కత్తిరించడానికమ్మా?" అన్నాడు. "నీ చొక్కా చంక దగ్గర బిగుతుగా ఉంది బాబూ, అది కత్తిరించాలి" అంది మాస్టరమ్మ.

పొద్దున చేతుల డాక్టరు సాక్ష్యం. వేలును తాను పట్టుకుని వంచినా వంగదని, నటించి ఆపగలిగేది కాదని ఆయన చెబుతున్నాడు. మాస్టరమ్మకు ఆ మాటలు చెవికెక్కలేదు. ఆమె కళ్లు బావమరిది తరఫున లేచి నిలబడిన పెద్ద లాయరు మీద, కాదు, ఆయన కోటు మీద ఉన్నాయి. మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ భుజాన్ని మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

మధ్యాహ్నం విరామంలో వరండాలో బెంచీ మీద అది తాను కత్తిరించిన కోటేనని అత్త చెవిలో చెప్పింది. అత్త అటూ ఇటూ చూసింది.

"అడిగితే నేను కత్తిరించానని చెప్పు."

"నువ్వు కత్తిరిస్తే ఆ కాలరు అలా కూర్చుంటుందా?"

"కాలరు సంగతి జడ్జికేం తెలుసే?"

"నాకు తెలుసుగా అత్తయ్యా."

"నీ పొగరు తగలెయ్య. చిన్న దెబ్బ అన్న మాట కొట్టేయించాలని నువ్వే గదా కాళ్లరిగేలా తిరిగావు? ఇప్పుడు ఆ కోటు నాది అని చెప్పి, నీ చేత్తో నువ్వే చిన్న దెబ్బ అని రాయించుకుంటావా?"

మాస్టరమ్మ లేచి లాయరమ్మను వెతుక్కుంటూ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. లాయరమ్మ తుమ్ము మధ్యలోనే ఆగిపోయింది. "అబద్ధం మాత్రం వద్దు" అంది. తర్వాత, "మీ పాత కత్తెర ఎక్కడుంది?" అని అడిగి, సమాధానం పూర్తిగా వినకుండానే గేటువైపు నడిచింది.

విరామం తర్వాత మాస్టరమ్మ బోనెక్కింది. పెద్ద లాయరు గొంతు తేనెలా ఉంటుంది. ఎన్నేళ్లనుంచి పని, రోజుకు ఎన్ని బట్టలు అంటూ ఇంట్లో మనిషిలా పలకరించాడు. ఆ తర్వాత మెల్లగా కోటు విప్పి బల్లమీద పెట్టాడు.

"ఇది ఎవరు కత్తిరించారమ్మా? ఈ నెలలోనే కుట్టించింది."

హాలు చివర అత్త కొంగుతో నోరు మూసుకుంది. కోటుకు చీటీ లేదు, పేరు లేదు. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. మాస్టరమ్మ కోటువైపే చూసింది.

"నేనే" అంది. "మీకు ఎడమ భుజం కిందికి ఉంటుంది. అందుకని అటువైపు లోపల పలచగా మెత్త వేశాను. తడిమి చూసుకోండి."

పెద్ద లాయరు తెలియకుండానే కోటు భుజం తడిమాడు. హాల్లో నవ్వులు. ఆయన కూడా నవ్వాడు, తొణకలేదు.

"బ్రహ్మాండంగా ఉంది, నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీరు చెప్పిన రోజుకు బట్ట ఇవ్వరని ఊరంతా అంటారు. ఇది మాత్రం గడువుకే వచ్చింది. అంటే చెయ్యి మునుపటికంటే చురుగ్గానే ఉందన్నమాట."

ఈసారి నవ్వు పెద్దదయింది. బావమరిది కూడా నవ్వాడు.

"ఆ బొటనవేలు అసలు దేనికీ పనికిరావడం లేదా అమ్మా?"

"గుడ్డ నొక్కిపట్టడానికి పనికొస్తోంది."

"చూశారా" అని పెద్ద లాయరు కూర్చున్నాడు. అత్త కళ్లు మూసుకుంది.

లాయరమ్మ లేచి పాత కత్తెర, నల్ల గుడ్డముక్క బల్లమీద పెట్టింది. "ఇన్నేళ్లూ దీన్ని ఏ చేత్తో వాడారో ఆ చేత్తోనే కత్తిరించండమ్మా."

మాస్టరమ్మ కుడిచేత్తో కత్తెర అందుకుంది. బొటనవేలు రింగులోకి పోయింది గాని రింగును లాగలేకపోయింది. కత్తెర తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. కత్తెర జారి కోర్టు నేలమీద పడిన చప్పుడుకు ఎవరూ నవ్వలేదు. అంత పనిమంతురాలు నలుగురి ముందు కత్తెర జారవిడవడం ఆమెకు వేలు పోయిన రోజుకంటే కష్టంగా తోచింది. ఆమె తలమాత్రం దించలేదు.

"నటించడానికి ఎంతసేపండీ" అన్నాడు పెద్ద లాయరు.

"పొద్దున డాక్టరు గారు చెప్పింది మీరూ విన్నారు" అంది లాయరమ్మ. "మరి కోటు ఎలా కత్తిరించారమ్మా?"

లాయరమ్మ గేటు దగ్గరనుంచి తెచ్చిన రెండో కత్తెరను అందుకుని ఎడమచేత్తో గుడ్డలోకి పెట్టింది మాస్టరమ్మ. కుడి బొటనవేలితో గుడ్డ నొక్కిపట్టి, చంక వంపును ఒక్క ఊపున, అంచు దాకా తీయకుండా కత్తిరించి జడ్జి ముందుంచింది. జడ్జి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

ఆమె సంపాదించుకుంటోంది, పనిచేసుకుంటోంది, ఇక పోయిందేమిటని పెద్ద లాయరు వాదించాడు. పైగా తన కక్షిదారు చెయ్యి తీయమని ముందే హెచ్చరించిన మంచివాడన్నాడు. లాయరమ్మ రెండు మాటలే మాట్లాడింది. ఒక కన్ను పొడిచేస్తే రెండో కంటితో పేపరు చదువుకుంటున్నాడు కాబట్టి కన్ను పోలేదందామా అంది. చెయ్యి పోతుందని చెప్పినవాడికి చెయ్యి పోతుందని తెలుసు అంది. తర్వాత తుమ్మింది.

తీర్పు చెప్పే రోజుకు హాలు నిండిపోయింది. చెప్పుల షాపు ఓనరు రాలేదు, బావమరిది ఒక్కడే వచ్చాడు. జడ్జి చదివినదాంట్లో చాలా భాగం మాస్టరమ్మకు అర్థం కాలేదు. ఒక్క చోట మాత్రం ఆయన కాగితం మీదినుంచి తల ఎత్తాడు. చట్టం అడిగేది ఆ కీలు పనిచేస్తుందా లేదా అనే. కీలు పోయిన మనిషి చేతులు ముడుచుకుని కూర్చోవాలని ఎక్కడా రాసిలేదు. ఈమె తన రెండో చేతికి నేర్పుకున్న విద్యను తెచ్చి నిందితుడి ఖాతాలో వేయలేం. గాయం తీవ్రమైనదే, తెలిసి చేసిందే. రెండేళ్ల జైలు.

బావమరిదిని తీసుకుపోతుంటే మాస్టరమ్మ చూసింది. సంతోషపడలేదు. అతని చొక్కా భుజాలు మనిషికన్నా పెద్దవిగా ఉన్నాయని మాత్రం గమనించింది. వరండాలోకి వచ్చాక లాయరమ్మను ఆపి అడిగింది.

"చిన్న దెబ్బ అన్న మాట?"

"పోయిందమ్మా. ఇంకెక్కడా లేదు."

మర్నాడు ఆమె మెట్ల కింది గదిలో అటకమీదినుంచి ఒక మూట దించింది. ఆ మధ్యాహ్నం బల్లమీద పరిచి ఉన్న సూటు గుడ్డ. పోలీసులు తాళం తీయించి ఇచ్చాక దాన్ని కత్తిరించకుండా దాచింది. ఆ పెళ్లికొడుకు అరువు సూటులో పెళ్లి చేసుకుని ఇప్పుడు ఒక పిల్లకు తండ్రయ్యాడు. కబురు పంపితే పిల్లను చంకనేసుకుని వచ్చాడు.

"ఇప్పుడెందుకు మాస్టరమ్మా, ఈ సూటేసుకుని నేనెక్కడికెళ్లాలి?"

"ఎక్కడికైనా వెళ్లు. గీసిన గుడ్డ కత్తిరించకుండా ఉంటే నాకు నిద్ర పట్టదు." ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "పొట్ట పెరిగింది, గీతలు మార్చాలి. అత్తయ్యా, సుద్ద అందుకో."

పాత గీతలు కుడిచేయి గీసినవి. వాటిని బ్రషుతో దులిపి, గుడ్డ తిప్పి పరిచి, వంగని వేలు ఒక మూల మోపింది. ఎడమచేయి కత్తెర అందుకుంది.

"మరి ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడతను.

"రేపు" అంది మాస్టరమ్మ, తల ఎత్తకుండా.

"నమ్మకు నాయనా" అంది అత్త.